మూడు పేటల తాడు

నమోదు 1

వానలకు ముందు రావలసిన చివరి పడవ ఈ ఉదయం వచ్చి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళూ నాతో కాపలా ఉన్న గంగులును ఇద్దరు పట్టుకుని మెట్లు దించారు. కొంతకాలంగా అతనికి మోకాళ్ళు వంగడం లేదు. పడవలో కూర్చున్నాక చెయ్యి ఊపుతాడేమోనని చూశాను. రెండు చేతులతోనూ పడవ అంచు పట్టుకుని కూర్చున్నాడు. ఊపలేదు.

నియమం ప్రకారం వానాకాలపు నమోదు పేరుతో మొదలవ్వాలి. పేరు గరికిన నూకరత్నం. పని, లంగరు బురుజులో తాడు కాపలా. తోడు ఉన్నవారు, ఎవరూ లేరు. గంగులు బదులు పంపడానికి పని తెలిసిన మనిషి దొరకలేదన్నారు. సముద్రం నెమ్మదించేదాకా ఈ రాళ్ళ దగ్గరికి ఏ పడవా రాదు.

మునిగిపోయిన కొండ కొన మీద కట్టిన బురుజు ఇది. ఇక్కడి నుంచి నీటిపేటకు ఒకటే తాడు. ఆరువందల మంది ఉన్న ఊరు ఆ తాడు చివర తేలుతూ, గాలి ఎటు తిరిగితే అటు తిరుగుతూ ఉంటుంది. ఎండ బాగా కాసినప్పుడు ఊరి పొగ కనిపిస్తుంది. ఈ రోజు మబ్బు.

ఇనుప గొలుసులను ఉప్పునీరు తినేస్తోందని మా తాతల కాలంలోనే తాడును పెంచడం మొదలుపెట్టారు. ఈ తాడు బతికే ఉంటుంది. లోపలి కణాలు పాత పోగులను కొరుక్కుతింటూ, వాటి చోట కొత్త పోగులు వడుకుతూ ఉంటాయి. వాటికి రోజూ ఊరి మిల్లులో వండిన గుజ్జు పెట్టాలి. సగం తాడుకు ఇటు నుంచి నేను పంపు చేస్తాను. మిగతా సగానికి ఊరివాళ్ళు అటు నుంచి చేస్తారు. నేను తినేదీ ఆ గుజ్జే. కాకపోతే నాది ఆరబెట్టి అచ్చులు పోసింది.

సాయంత్రం రెండు కంచాలు కడిగాను. రెండోది ఎవరూ వాడనే లేదు.

నమోదు 2

బురుజు గోడలోంచి తాడు బయటికి వెళ్ళే చోటును మెడ అంటాం. తాటిబొద్దంత లావుంటుంది. ప్రతి ఉదయం దాన్ని బొటనవేలితో నొక్కి చూడాలి. గట్టిగా ఎదురు తన్నాలి. ఈ రోజు వేలు లోపలికి దిగింది. తీసేశాక సొట్ట అలాగే ఉండిపోయింది.

రేడియోలో ఊరి వైపు నుంచి మాట్లాడేది పైడితల్లి అనే అమ్మాయి. వేరే తేలే ఊరి నుంచి పెళ్ళి చేసుకుని వచ్చింది. నేను బురుజు దిగి చాలా ఏళ్ళయింది కాబట్టి మనిషిని ఎప్పుడూ చూడలేదు. గొంతే తెలుసు.

"గంగులు ఎలా ఉన్నాడు?" అని అడిగాను.

"గంగులు గార్ని ఆస్పత్రిలో ఎట్టేరక్కా. సిగుళ్ళంట రగతం వస్తంది. కాలి మీద పాత దెబ్బొకటి ఉంది కదా, ఎప్పుడో మానిపోయింది, అది మళ్ళీ తెరుసుకుందంట. సీము పట్టిందని మందేస్తన్నారు."

"చీము కనిపించిందా?"

"నాకేటి తెల్సు? గుమ్మం కాణ్ణుంచే సూసొచ్చీసాను."

"తాడు మెత్తబడిందని వరహాలు గారికి చెప్పు." వరహాలు గుజ్జు మిల్లు చూసుకునే అధికారి. మేమిద్దరం ఒకే బడిలో చదివాం.

"సెప్తాను. నువ్వు తిన్నావా?"

"తిన్నాను" అన్నాను. తినలేదు. పళ్ళు కదులుతున్నట్టుగా ఉంటే అచ్చు కొరకబుద్ధి కాలేదు.

నమోదు 3

తాడు పోగును ఎంత సన్నగా చీల్చుకుంటూ పోయినా చివరికి మిగిలేది మూడు పేటలు. అదే కొల్లాజెన్ అణువు. మన చర్మంలో, ఎముకలో, చిగుళ్ళలో ఉన్నదీ అదే. పూసల దండల్లాంటి మూడు గొలుసులు ఒకదాని చుట్టూ ఒకటి పెనవేసుకుని ఉంటాయి. ప్రతి గొలుసులోనూ ప్రతి మూడో పూస అన్నిటికన్నా చిన్నది, గ్లైసిన్. మెలిక లోపలి వైపు అంత చిన్న పూసకే చోటుంటుంది. అక్కడ పొరపాటున పెద్ద పూస పడితే మెలిక అక్కడే చెడుతుంది.

అదే జరిగిందనుకుని పొద్దున్నంతా పూసలను ఒక్కొక్కటిగా చదివే యంత్రం ముందు కూర్చున్నాను. పూసల వరస చూసుకున్నాను. ఎక్కడా తప్పు లేదు.

అప్పుడు మెడ నుంచి ఒక పోగు కోశాను. మంచి పోగైతే ఒంటి వేడికి మెలిక విప్పుకోదు. గోరువెచ్చని నీళ్ళలో వేసి చూద్దామని గ్లాసు తెచ్చేలోపే అది నా అరచేతిలో జిగురైపోయింది. వేళ్ళు ఒకదానికొకటి అంటుకున్నాయి.

గంగులు చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో మేకలుండేవట. మేక కాళ్ళ పులుసు చల్లారాక వేళ్ళకు ఇలాగే అంటుకునేదని ఎన్నిసార్లు చెప్పాడో. చెప్పిన ప్రతిసారీ వేళ్ళు నాకి చూపించేవాడు. నేను విసుక్కునేదాన్ని. ఈ రోజు ఆ మాట చెప్పడానికి ఎవరూ లేక, పంపు గదిలో నిలబడి పైకే అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

జిగురైందంటే పూసలు సరిగానే ఉన్నా పేటలు ఒకదాన్నొకటి పట్టుకోవడం లేదన్నమాట. ఎందుకు పట్టుకోవడం లేదు?

నమోదు 4

పళ్ళు తోముకుంటే నురగ ఎర్రగా వచ్చింది. పిక్కల మీద నీలం మచ్చలున్నాయి. దెబ్బ తగిలిన గుర్తు లేదు. చేతుల మీది సన్నని వెంట్రుకలు స్ప్రింగుల్లా చుట్టుకుపోయి ఉన్నాయి.

మధ్యాహ్నం పంపు పిడి తిప్పుతుంటే ఎడమ ముంజేతి దగ్గర తడిగా తగిలింది. చొక్కా పైకి లాగి చూశాను. నేను ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది పంపు చక్రంలో చెయ్యి ఇరుక్కుంది. పడవ వచ్చే కాలం కాదు. గంగులే వల కుట్టే సూదితో కుట్టాడు. కుడుతూ నాకన్నా ఎక్కువ ఏడ్చాడు. ఆ గాయం మానిపోయి తెల్లటి గీతగా మిగిలింది. ఇప్పుడు ఆ గీత మొత్తం విచ్చుకుంది. గంగులు ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముడి వేశాడో అక్కడి నుంచి అక్కడికి.

గచ్చు మీద కూర్చుండిపోయాను. భయం వేసింది. ఆ తరువాత, కూర్చున్న చోటే, విషయం అర్థమైంది.

మానిన గాయం అంటే మాని ఊరుకున్నది కాదు. మనిషి బతికున్నన్నాళ్ళూ మచ్చలో కొల్లాజెన్ కరుగుతూ, మళ్ళీ అల్లుకుంటూనే ఉంటుంది. కొత్తది సరిగా అల్లుకోకపోతే ఎప్పటి గాయమైనా తిరిగి తెరుచుకుంటుంది. గంగులు కాలూ, నా చెయ్యీ, తాడూ ఒకే జబ్బుతో ఉన్నాయి.

గొలుసులో ప్రోలిన్ అనే పూసలుంటాయి. వాటిలో చాలావాటికి ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసిన చిన్న కొక్కెం తగిలించాలి. ఆ కొక్కేలుంటేనే మూడు పేటలు వెచ్చటి నీళ్ళలో కూడా విడిపోకుండా నిలుస్తాయి. వాటిని తగిలించే ఎంజైము పనిచెయ్యాలంటే సి విటమిన్ కావాలి. మేక కణాలతో పెంచిన తాడైతే దానికి కావలసిన సి విటమిన్ అదే చేసుకునేది. మాది మనుషుల కణాలతో పెంచిన తాడు. మనిషి ఒంటికి ఆ పని చేతకాదు, తిండిలో రావాలి.

తాడూ మేమూ తినేది ఒకే గుజ్జు.

నమోదు 5

ఈ రోజు వరహాలు స్వయంగా రేడియో దగ్గరికి వచ్చాడు.

"నూకరత్నం గారూ, సి విటమిన్ ప్రతి వంటలోనూ వేస్తున్నాం. నేను నిలబడి వేయిస్తున్నాను" అన్నాడు.

"వేశాక పరీక్ష చేశారా?"

"వేసింది ఎక్కడికి పోతుంది?"

"ఈ మధ్య వంటలో ఏదైనా మార్చారా?"

"చలికాలంలో కాగులు మార్చాం. పాత స్టీలు కాగులు చిల్లులు పడ్డాయి. రాగివి పెట్టించాను. తాడు పేటల మధ్య అడ్డకట్లు పడాలంటే రాగి కావాలి కదా, రెండు విధాలా మంచిదే అనుకున్నాను."

ఆయన అన్నది నిజమే. కొంచెం రాగి కావాలి. కానీ వేడి గుజ్జు రాగి కాగులో మరుగుతూ ఉంటే సి విటమిన్ చల్లారేలోపే విరిగిపోతుంది. నేను ఆ మాట పూర్తిగా చెప్పనక్కర్లేకపోయింది. "ఉండండి" అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం మళ్ళీ వచ్చాడు. గొంతు మారిపోయింది. "ఏమీ లేదండీ. చుక్క కూడా లేదు. మా అమ్మ మంచం పట్టింది, వయసు వల్ల అనుకున్నాను. వీధికి ఇద్దరు ముగ్గురు ఉన్నారు. అందరికీ వేరు వేరు మందులిస్తున్నాం."

రేపటి నుంచి పొయ్యి మీంచి దింపి, మట్టి తొట్లలో చల్లారాకే విటమిన్ వేస్తామన్నాడు. ఊరి వైపు సగం తాడుకు కొత్త గుజ్జు అందుతుంది. మరి నా వైపు? వానాకాలానికి సరిపడా గుజ్జు చివరి పడవలోనే వచ్చి తొట్టిలో ఉంది. అంతా రాగి కాగుల్లో కాగిందే.

"పడవ పంపలేరా?"

"రాళ్ళ మీద అలలు మీకే కనిపిస్తున్నాయి" అన్నాడు. ఇంకేదో అనబోయి ఆగి, "నన్ను క్షమించండి" అన్నాడు. పైడితల్లిని పిలవమన్నాను.

నమోదు 6

మొన్న గంగులు మంచం కింద పెసల మూట దొరికింది. ఎప్పుడైనా అట్లు పోసుకుందామని దాచుకున్నాడు. పొడి పెసల్లో సి విటమిన్ ఉండదు. నానబెట్టి మొలక రప్పిస్తే అదే పుడుతుంది. సగం నానబెట్టాను.

పైడితల్లికి చెప్పాను. ఊళ్ళో కూడా పప్పులన్నీ నానబెడుతున్నారంది. మొలకలు వచ్చాయని ఈ రోజు మళ్ళీ పిలిచి చెప్పాను.

"మొలకలు రుబ్బి, రసం పిండి మెడ దగ్గరి తొట్టిలో కలుపుతాను. తాడంతటికీ చాలదు. బరువు పడేది మెడ మీదే కాబట్టి అక్కడ పేటలు గట్టిపడితే చాలు."

"నీకో?"

"నాకు తరువాత."

"తరవాతేటి? నువ్వు మెట్ల మీద పడిపోతే తాడుకి పంపు ఎవులు కొడతారు? ముందు నువ్వు తిను. నాకు ఇనపడీలాగ తిను. రేడియో కాడే కూకుని నవులు."

తిన్నాను. చిగుళ్ళు మండి కళ్ళలో నీళ్ళొచ్చాయి. అటు నుంచి పైడితల్లి వింటోంది. ఇన్ని రోజులకు ఒకరి ఎదురుగా కూర్చుని తిన్నట్టనిపించింది.

"గంగులుకు మొలకలు పెట్టారా?"

గరగర వచ్చింది. "ఎట్టేరక్కా."

"ఏమన్నాడు?"

"ఏటంటాడు. పడుకున్నాడు."

ఇంకో సంగతి. తూర్పున తుపాను కడుతోందని ఊరి వాతావరణం వాళ్ళు చెప్పారు. మెడలో కొత్త పేటలు అల్లుకోవడానికి రోజులు పడుతుంది. తుపాను అంతవరకూ ఆగదు.

నమోదు 7

కొట్టులో గోరువలలున్నాయి. చేపలు పట్టడానికి పెంచిన కెరాటిన్ వలలు. గోరు, జుట్టు, కొమ్ము ఏ పదార్థమో ఇవీ అదే, అందుకే ఆ పేరు. కొల్లాజెన్‌లో మూడు పేటలైతే కెరాటిన్‌లో రెండు రెండుగా మెలిపడతాయి. పేటకూ పేటకూ మధ్య గంధకం ముడులుంటాయి. ఆ ముడులకు సి విటమిన్‌తో పని లేదు. అందుకే ఒళ్ళంతా ఇలా అవుతున్నా నా గోళ్ళు గట్టిగానే ఉన్నాయి.

వలలను గొట్టంలా చుట్టి మెడకు తొడిగి, రెండో కొస గోడలోని ఇనుప కొంకులకు కడుతున్నాను. తాడు లాగినకొద్దీ వల దాని చుట్టూ బిగుసుకోవాలి. ఒక పొర మీద ఇంకో పొర. కుడిచేత్తో అల్లడం, పళ్ళతో బిగించడం కుదరదు కాబట్టి మోకాలితో అదిమి పట్టడం. ఎడమచేతికి గుడ్డ చుట్టుకున్నాను. తడిసినప్పుడల్లా మార్చుకుంటున్నాను.

ఈ పని ఇద్దరిది. పొర మారినప్పుడల్లా "ఆ కొస అందుకో" అనబోయి ఆగుతున్నాను.

నమోదు 8

తుపాను తెల్లవారుతూనే వచ్చింది. ఇప్పుడు వెళ్ళిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మొదటి పెద్ద గాలికే మెడ పై పొర చిరిగింది. తడిగుడ్డ చింపినట్టు చప్పుడైంది. రేడియోలో పైడితల్లి, "అక్కా, ఊరు ఊగిపోతంది, పిల్లలందర్నీ మిల్లులో కూకోబెట్టేరు" అంటోంది. "తాడుందా అక్కా?" అని అడిగింది. "ఉంది" అన్నాను. అంతలోనే పైన ఏదో విరిగిన చప్పుడు. ఏరియల్ పోయింది. ఆ తరువాత గొంతు లేదు.

తాడు ఒక్కో లాగుకూ గదిలోంచి చేతి వెడల్పున బయటికి జారుతోంది. వలలు బిగుసుకున్నాయి. కొంకుల దగ్గర రాపిడికి జుట్టు కాలిన వాసన మొదలైంది. కాలితే తెగిపోతాయి. గోరువల తడిస్తే సాగుతుంది. మెలికలు తెరుచుకుని పొడవవుతుంది గాని గంధకం ముడులు వదలవు. ఊరు గుంజినప్పుడు సాగి, వదిలినప్పుడు ముడుచుకుంటే కుదుపు మెడ మీద పడదు. అలా లెక్కవేసుకుని సముద్రపు నీళ్ళు బకెట్లతో తోడి పోయడం మొదలుపెట్టాను. కిటికీ దగ్గరికి వెళ్ళడం, తోడడం, వచ్చి పోయడం. చేతి గుడ్డ ఎప్పుడు ఊడిపోయిందో తెలియదు. గచ్చు మీది నీళ్ళు ఎర్రబడ్డాయి. అది నా రక్తమని చాలాసేపటికి గాని తోచలేదు.

మధ్యలో ఒకసారి ఒక పొర మొత్తం తెగి నా భుజం పక్కనుంచి కొరడాలా పోయింది. అప్పుడు గట్టిగా అరిచాను. ఏమని అరిచానో రాయను. ఒక మనిషి పేరు.

మిగిలిన పొరలు నిలబడ్డాయి.

గాలి తగ్గేసరికి మెడ లోపలి భాగం కనిపిస్తోంది. పైనంతా జిగురు. జిగురు కింద, రసం తాగిన చోట, సన్నగా తెల్లగా కొత్త పోగులున్నాయి. నేను వాటిని ముట్టుకోలేదు.

నమోదు 9

రేడియో లేదు. బయట వాన తెర. ఊరు కనిపించదు, పొగ కనిపించదు.

తాడు మీద చెయ్యి వేసుకుని కూర్చుంటున్నాను. అది నెమ్మదిగా లాగుతోంది, వదులుతోంది. అటు చివర బరువు ఉంది. బరువు ఉందంటే ఊరు ఉంది. అందులో ఎవరెవరున్నారో తాడు చెప్పదు.

మిగతా సగం పెసలు కూడా నానబెట్టాను. పిడికెడు నాకు, మిగిలింది మెడకు. పైడితల్లి వింటున్నట్టుగానే రేడియో దగ్గర కూర్చుని నములుతున్నాను.

నమోదు 10

ఇది నీటిపేట ఆస్పత్రిలో రాస్తున్నది. బురుజు నమోదు ఇక్కడితో ముగించి కొత్త కాపలావాళ్ళకు అప్పగించాలి.

అలలు కాస్త తగ్గగానే పడవ పంపారు. పని నేర్చుకున్న ఇద్దరు, కొత్త గుజ్జు పీపాలు. వాళ్ళ వెనక పొట్టిగా, బక్కగా ఉన్న అమ్మాయి మెట్లెక్కి వచ్చి నా ఎదురుగా నిలబడింది. నోరు విప్పేదాకా ఎవరో తెలియలేదు.

"అక్కా" అంది.

ఆ గొంతుకు అంత చిన్న ముఖం ఉంటుందని అనుకోలేదు. మిగతావాళ్ళు మెడ గదిలోకి వెళ్ళిపోయారు. తను మాత్రం కదలలేదు.

"గంగులు బావ లేడక్కా" అంది.

ఇన్నాళ్ళూ గంగులు గారు అనేది. బురుజులో ఇన్నేళ్ళు కలిసి ఉన్నా మేమిద్దరం ఒకరికొకరం ఏమవుతామో ఎవరూ అడగలేదు. మేమూ అనుకోలేదు. ఈ అమ్మాయి 'బావ' అన్న పిలుపుతోనే ఆ వరస ఇచ్చింది, 'లేడు' అన్న మాటతోనే తీసుకుంది.

"ఎప్పుడు?"

"నువ్వు పెసలు నానెట్టేనని సెప్పేవు సూడు, దానికి ముందు రోజు."

ఆ రోజు రేడియోలో మొలకలు పెట్టారా అని అడిగాను. ఏమన్నాడు అని కూడా అడిగాను. జవాబులు చెప్పింది.

"ఎందుకు దాచావు?"

"సెప్తే నువ్వు తాడు కాడ నిలబడతావో లేదో నాకు తెల్దు కదక్కా. నేను నిన్నెప్పుడూ సూడనేదు. పిల్లలున్నారు, ముసిలోళ్ళున్నారు. బయమేసింది." ఏడుస్తోంది. చేతులు ఒంటికి అంటిపెట్టుకుని, కొడితే కొట్టనీ అన్నట్టు నిలబడి ఏడుస్తోంది.

"నిలబడేదాన్నే" అన్నాను. అది నిజమో కాదో నాకూ తెలియదు.

తరువాత అడిగాను. "చివర్లో ఏమైనా అన్నాడా?"

"అన్నాడు. నన్ను పిలిపించేడు. రత్నం ఒక్కర్తీ ఉంది, రేడియో కట్టీయకండి అన్నాడు." ముక్కు తుడుచుకుంది. "కట్టనేదక్కా. తుపానప్పుడు నీ గొంతు ఆగిపోయేక కూడా కట్టనేదు. ఈ రోజు పడవెక్కీదాకా పిలస్తానే ఉన్నాను. నీకు ఇనపడనేదు, అంతే."

నా ముంజేతికి కట్టు కట్టి పడవలోకి దించారు. పైడితల్లి పక్కన కూర్చుంది. రేడియోలో ఊపిరి తీసుకోకుండా మాట్లాడే మనిషి, తల వంచుకుని కొంగు చివర పీక్కుంటోంది. బురుజు వెనక్కి జరుగుతోంది. పడవ పక్కనే నీళ్ళలో తాడు ఊరి వైపు సాగిపోయి ఉంది.

"మాట్లాడు" అన్నాను.

"ఏటి మాటాడమంటావక్కా?"

"ఏదైనా. ఇన్ని రోజులు పిలిచావు కదా. నాకు వినపడలేదు. ఏమేం చెప్పావో అవన్నీ చెప్పు."

కొంగు వదిలింది. తరువాత మొదలుపెట్టింది. మొదటి రోజు వరహాలు గారి తల్లి లేచి కూర్చుని గంజి తాగిందని, మిల్లులో పడుకున్న పిల్లల్లో ఒకడు తొట్టి మూతను పడవ చేసి ఆడాడని, తన మొగుడు కూర మాడ్చాడని, వాన ఆగలేదని, ఆగిందని, మళ్ళీ పట్టిందని, అక్కా ఉన్నావా అని, అక్కా ఉన్నావా అని.

ఒక్కోదానికీ "ఆఁ" అన్నాను. ఊరు వచ్చేదాకా అంటూనే ఉన్నాను.